12 లక్షల ఆన్‌రోడ్ బడ్జెట్‌లో కాంపాక్ట్ ఎస్‌యూవీ: ముందు గేర్‌బాక్స్ తేల్చుకోండి, తర్వాతే బండి పేరు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. ఇల్లు మియాపూర్, ఆఫీసు హైటెక్ సిటీ, రోజుకు రానూపోనూ పాతిక కిలోమీటర్లు. రెండు నెలలకోసారి ఖమ్మం వెళ్లి రావాలి. బండిలో ఎక్కేది మీరు, మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. ఆన్‌రోడ్, అంటే టాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి, 12 లక్షలు దాటకూడదు. మీ ఆవిడ కూడా నడుపుతారు కాబట్టి ఆటోమేటిక్ అయితే మంచిది. పిల్లలు సన్‌రూఫ్ అడుగుతున్నారు. టాటా పంచ్, హ్యుందాయ్ వెన్యూ, టాటా నెక్సాన్, మారుతి బ్రెజా, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ, స్కోడా కైలాక్ అని ఆరు పేర్లు రాసి, వీటిలో ఏది బెస్ట్ అని అడిగారు.

ఈ ఆరింటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే జవాబు రాదు. సర్వీస్ సెంటర్లలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా ఈ మాట చెబుతున్నాను. ఒకే పేరుతో అమ్మే బండిలో ఒక ఇంజన్, ఒక గేర్‌బాక్స్ తీసుకున్న ఓనరు హాయిగా ఉంటాడు. అదే బండిలో ఇంకో కాంబినేషన్ తీసుకున్నవాడు ప్రతి సర్వీసుకీ ఏదో ఒక కంప్లైంట్‌తో వస్తాడు. నెక్సాన్ పెట్రోల్ ఏఎంటీ, నెక్సాన్ డ్యూయల్ క్లచ్, నెక్సాన్ డీజిల్ మాన్యువల్ అనేవి నడపడంలో మూడు వేర్వేరు బండ్లు (ఈ గేర్‌బాక్స్ రకాలు కింద వివరిస్తాను). అందుకే ముందు ఇంధనం, ఆ తర్వాత గేర్‌బాక్స్, ఆ తర్వాత వెనక సీటు. ఈ మూడూ తేలాక మిగిలేది రెండు మూడు పేర్లే.

అంతకంటే ముందు డబ్బు సంగతి, ఎందుకంటే మీ బడ్జెట్‌లో కనిపించని గీత ఒకటుంది. ఎక్స్‌షోరూమ్ ధర (లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలపక ముందు ధర) ఐదు నుంచి పది లక్షల మధ్య ఉంటే మన రెండు రాష్ట్రాల్లోనూ లైఫ్ టాక్స్ 14 శాతం. పది దాటితే 17 శాతం లేదా ఆ పైన. అది కూడా దాటిన మొత్తం మీద మాత్రమే కాదు, బండి ధర మొత్తం మీద. పది లక్షలు దాటిన కారుకు డీలర్ ఒక శాతం టీసీఎస్ (ముందుగా పట్టుకునే ఇన్‌కమ్ టాక్స్) కూడా వసూలు చేస్తాడు. అది ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో మీకు సర్దుబాటు అవుతుంది కానీ ఆ రోజు జేబులోంచి పోవాల్సిందే. ఉదాహరణకు 9.50 లక్షల బండికి లైఫ్ టాక్స్ 1.33 లక్షలు. 10.20 లక్షల బండికి 17 శాతమే అనుకున్నా 1.73 లక్షలు. షోరూమ్‌లో 70 వేలే తేడా అనిపించిన వేరియంట్ చేతికి వచ్చేసరికి 1.2 లక్షలు ఎక్కువ పడుతుంది. ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ ఖర్చులు కూడా కలిపితే, 12 లక్షల ఆన్‌రోడ్ అంటే మీకు ఎక్స్‌షోరూమ్ పది లక్షల లోపు అని అర్థం. సేల్స్ అబ్బాయి "ఇంకో యాభై వేలు వేస్తే టాప్ మోడల్ వస్తుంది సార్" అంటే ముందు ఆన్‌రోడ్ కొటేషన్ అడగండి.

బ్రెజా అంత మంచి బండి అయ్యుండీ ఈ గీత దగ్గర ఎందుకు ఇబ్బంది పెడుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉంటేనే చిన్న కారు అనే నిర్వచనం 2006 బడ్జెట్ నుంచి ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అలాంటి చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతం, మిగతా పెట్రోల్, డీజిల్ కార్లకు 40 శాతం. బ్రెజా పొడవు నాలుగు మీటర్ల లోపే అయినా పెట్రోల్ ఇంజన్ 1462 సీసీ, కాబట్టి 40 శాతంలో పడింది. దాని 1.5 లీటర్ నాలుగు సిలిండర్ల ఇంజన్, 6 స్పీడ్ టార్క్ కన్వర్టర్ జోడీ నాకు చాలా ఇష్టం, సర్వీసులో గొడవ పెట్టని జోడీ. కానీ ఆటోమేటిక్ తీసుకుంటే పది లక్షలు దాటిపోతుంది. మాన్యువల్ అయితే పరిధిలోనే ఉంటుంది.

ఇక ఇంధనం. మీ లెక్క ప్రకారం ఆఫీసుకు నెలకు 550 కిలోమీటర్లు, ఖమ్మం ప్రయాణం, ఇతర పనులు కలిపి సుమారు 750. ఏడాదికి 9,000. పెట్రోల్ లీటరు 107, సిటీలో లీటరుకు 13 కిలోమీటర్లు అనుకుంటే ఏడాదికి 74 వేలు. డీజిల్ లీటరు 96, మైలేజీ 17 అనుకుంటే 51 వేలు. అంటే ఏడాదికి 23 వేలు మిగులుతుంది. డీజిల్ వేరియంట్‌కు కొనేటప్పుడు లక్ష నుంచి లక్షన్నర దాకా అదనంగా పెట్టాలి, దాని మీద టాక్స్ మళ్లీ వేరు. ఆ డబ్బు రావడానికే ఐదారేళ్లు పడుతుంది.

డబ్బు ఒక్కటే అయితే ఫరవాలేదు. బీఎస్6 డీజిల్‌లో పొగను వడగట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి హైవే మీద ఒకే స్పీడులో కాసేపు నడవాలి. పొద్దున్న పన్నెండు కిలోమీటర్లు, సాయంత్రం పన్నెండు, అదీ ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ వెళ్లే బండిలో ఆ మసి కాలదు. డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, ఓనరు పట్టించుకోడు, తర్వాత బండి పికప్ తగ్గించేసుకుని లింప్ మోడ్‌లోకి పోతుంది. వర్క్‌షాప్‌కి ఈ కంప్లైంట్‌తో వచ్చిన వాళ్లలో ఎక్కువమంది మీలాంటి సిటీ వాడకం వాళ్లే. నెలకు 1,500 కిలోమీటర్లు దాటి, అందులో సగం హైవే అయితే డీజిల్ నేనే తీసుకోమంటాను. మీకు వద్దు.

సీఎన్‌జీ బండ్లు బాగా మెరుగయ్యాయి. టాటా, హ్యుందాయ్ రెండూ ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి అడుగున పెట్టి డిక్కీని చాలావరకు కాపాడుతున్నాయి. కానీ బంకు దగ్గర క్యూలో నిలబడే ఓపిక ఉండాలి. పైగా మీ ఆటోమేటిక్ కోరికకు, ఐదుగురితో ఖమ్మం వెళ్లే పికప్‌కు ఇది సరిపడదు. ఎలక్ట్రిక్ అయితే తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ టాక్స్ మినహాయింపు ఉంది, సిటీ వాడకానికి ఖర్చు చాలా తక్కువ. కానీ మీ అపార్ట్‌మెంట్‌లో ఛార్జింగ్ పాయింట్ పెట్టనివ్వరని మీరే రాశారు. ఇంట్లో ఛార్జింగ్ లేనివాళ్లకు నేను ఎలక్ట్రిక్ చెప్పను. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) గురించి కూడా టెన్షన్ పడ్డారు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన పెట్రోల్ కార్ల విడిభాగాలు ఈ20కి తగ్గట్టే ఉన్నాయి. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంచెం తగ్గుతుంది, అంతే.

కాబట్టి పెట్రోల్. ఇప్పుడు గేర్‌బాక్స్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మీ ఇంటి ఇద్దరు డ్రైవర్ల రోజువారీ సుఖం దీని మీదే ఉంది.

ఆటోమేటిక్ అని షోరూమ్‌లో ఒకే మాటతో చెప్పే దాంట్లో నాలుగు రకాలున్నాయి. ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మన బదులు ఒక మోటారు చేస్తుంది. చవక, మైలేజీ కూడా మాన్యువల్ అంతే వస్తుంది. కానీ గేరు మారేటప్పుడు తల ముందుకి ఊగుతుంది, ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు క్లచ్ అరుగుతుంది. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్లు క్లచ్‌ను త్వరగా తినేస్తారు. బ్రేకు వాడితే ఆ సమస్య ఉండదు. పంచ్, ఎక్స్‌టర్, నెక్సాన్, ఫ్రాంక్స్ 1.2 లాంటి వాటిలో దొరికేది ఇదే.

రెండు క్లచ్‌లు వంతులవారీగా పనిచేసే డ్యూయల్ క్లచ్ చాలా చురుకు. హైవే మీద నడిపితే వదలబుద్ధి కాదు. వెన్యూ, సోనెట్ 1.0 టర్బోలో (గాలిని ఒత్తిడితో లోపలికి పంపి పవర్ పెంచే ఇంజన్), నెక్సాన్ పై వేరియంట్లలో ఇది ఉంటుంది. కానీ సైబర్ టవర్స్ దగ్గర సాయంత్రం ఆరున్నరకు బండి అడుగు అడుగు పాకుతున్నప్పుడు క్లచ్‌లు వేడెక్కుతాయి. ముందు బండి కదిలిన ప్రతిసారీ కదలకుండా, కాస్త ఖాళీ వచ్చాక ఒకేసారి కదిలితే ఇబ్బంది తగ్గుతుంది. ఆ ఓపిక ఇంట్లో ఇద్దరికీ ఉండాలి కదా. ఇక విడి గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీ మాగ్నైట్‌లాంటి వాటిలో వస్తుంది. ట్రాఫిక్‌లో చాలా స్మూత్, గట్టిగా తొక్కితే మాత్రం ఇంజన్ అరుస్తుంది, బండి మెల్లగా అందుకుంటుంది.

నాలుగోది టార్క్ కన్వర్టర్. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య పట్టు ఆయిల్ ద్వారా ఉంటుంది కాబట్టి ట్రాఫిక్‌లో పాకినా అరిగే క్లచ్ సమస్య అంతగా రాదు. జర్క్ ఉండదు. మైలేజీ కాస్త తగ్గుతుంది, ధర ఎక్కువ. హైదరాబాద్ ట్రాఫిక్‌కు, పదేళ్లు ఉంచుకునే ఆలోచన ఉన్నవాళ్లకు నా ఓటు ఎప్పుడూ దీనికే. ఈ సైజులో 3ఎక్స్ఓ పెట్రోల్, కైలాక్, బ్రెజా, ఫ్రాంక్స్ టర్బోలో 6 స్పీడ్ టార్క్ కన్వర్టర్ ఉంది. మొదటి రెండింటి కింది వేరియంట్లు ఆటోమేటిక్‌లో పది లక్షల గీతకు అటూ ఇటూ ఉంటాయి. ధరలు మారుతుంటాయి కాబట్టి కొటేషన్ తీసుకునే తేల్చండి.

ఇంజన్ గురించి ఒక మాట. 1.2 లీటర్ మామూలు పెట్రోల్ ఇంజన్లు 80, 90 హార్స్‌పవర్ మధ్య ఉంటాయి. సిటీలో ఇద్దరికి, ముగ్గురికి చాలు. ఐదుగురు, ఏసీ ఫుల్, డిక్కీ నిండా సామాను పెట్టుకుని సూర్యాపేట వైపు లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ముందే లెక్క వేసుకుని వెళ్లాలి. మీ ఇంటి మనుషుల సంఖ్య చూస్తే చిన్న టర్బో మేలు. 3ఎక్స్ఓలోని 1.2 టర్బో 200 న్యూటన్ మీటర్ల టార్క్ (బండిని లాగే బలం), కైలాక్ 1.0 టర్బో 178, నెక్సాన్ 1.2 టర్బో 170 ఇస్తాయి. ఈ మూడూ మూడు సిలిండర్ల ఇంజన్లే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సన్నని వణుకు తెలుస్తుంది. కొందరికి అది అస్సలు పట్టదు, కొందరికి చిరాకు. టెస్ట్ డ్రైవ్‌లో ఏసీ వేసి, గేరు డీ (డ్రైవ్)లో ఉంచి, బ్రేకు మీద రెండు నిమిషాలు ఆగి చూడండి. టర్బోల సిటీ మైలేజీ బ్రోచర్ అంకె దగ్గరికి కూడా రాదు. ట్రాఫిక్‌లో 9 నుంచి 12 మధ్య వస్తుందనుకునే కొనండి.

ఇన్సూరెన్స్‌లో ఒక చిన్న లాభం కూడా ఉంది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. 2022లో సవరించిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు మూడేళ్లకు 6,521 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీకి 10,640, జీఎస్టీ కాక. 999 సీసీ టర్బో బండ్లు ఆ మొదటి వరసలో పడతాయి.

ఇప్పుడు వెనక సీటు. ఇది అమ్మగారి సీటు, పిల్లల సీటు. కాబట్టి షోరూమ్‌కు అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు రెండు చోట్ల కష్టం. సీటు మరీ కిందికి ఉంటే లేచేటప్పుడు మోకాలి మీద బరువు పడుతుంది. గడప ఎత్తుగా ఉంటే కాలు లోపలికి ఎత్తిపెట్టడం కష్టం. సీటు ఎత్తు ఆవిడ నడుము దగ్గరగా ఉండి, తలుపు బాగా వెడల్పుగా తెరుచుకునే బండి కావాలి. మూడుసార్లు ఎక్కి దిగమనండి. ఒకసారి అయితే మొహమాటానికి బాగానే ఉందంటారు. ఫ్రాంక్స్ పైకప్పు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు తల వంచి ఎక్కాలి. బ్రెజా, నెక్సాన్, 3ఎక్స్ఓ ఈ విషయంలో నయం.

వెనక ముగ్గురు కూర్చోవాలి కాబట్టి వెడల్పు ముఖ్యం. 3ఎక్స్ఓ 1,821 మిల్లీమీటర్లు, నెక్సాన్ 1,804, కైలాక్ 1,783. ఈ తేడా కాగితం మీద చిన్నదే, ఖమ్మం దాకా ముగ్గురు భుజం భుజం ఆనించుకుని కూర్చుంటే మాత్రం తెలుస్తుంది. నడిపేటప్పుడు నా మనసుకు బాగా నచ్చేది కైలాక్, కానీ దాని వెనక సీటు ఇద్దరికే సుఖం. 3ఎక్స్ఓకు వెనక సీటు బాగుంది, డిక్కీ చిన్నది. మీ రెండు పెద్ద సూట్‌కేసులు షోరూమ్‌కు తీసుకెళ్లి పెట్టి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు. వెనక ఏసీ వెంట్లు, వెనక మధ్య సీటుకు కూడా మూడు పాయింట్ల బెల్టు, పిల్లల సీటుకు ఐసోఫిక్స్ కొక్కేలు మీరు ఎంచుకున్న వేరియంట్‌లో ఉన్నాయో లేదో విడిగా చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో వెనక వెంట్లు లేని బండిలో అమ్మగారిని కూర్చోబెట్టకండి.

భద్రత విషయంలో మనకు ఇప్పుడు బండిని గుద్దించి చూసే సొంత పరీక్ష ఉంది. భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. పెద్దవాళ్ల రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49. కైలాక్‌కు 30.88, 45. నెక్సాన్‌కు 29.41, 43.83. 3ఎక్స్ఓకు 29.36, 43. మూడూ ఐదు స్టార్లే. ఒకటిన్నర మార్కు తేడా చూసి బండి మార్చుకోవద్దు. పిల్లల మార్కులు చాలామంది చూడరు, మీరు చూడండి. కానీ ఆ మార్కులన్నీ బెల్టు పెట్టుకున్న బొమ్మలకు వచ్చినవే. బెల్టు లేకుండా వెనక కూర్చున్నవాళ్లకు ఐదు స్టార్ల బండీ పెద్దగా సాయపడదు. అమ్మగారికి కూడా బెల్టు అలవాటు చేయండి. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బీ కింద వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది.

సన్‌రూఫ్ గురించి పిల్లలకు మీరే చెప్పుకోవాలి. నా అభిప్రాయం మాత్రం సూటిగా చెబుతాను. దాని వల్ల లోపల తల ఎత్తు తగ్గుతుంది, ఎండాకాలం ఏసీ మీద భారం పడుతుంది. వాన నీళ్లు పోయే సన్నని గొట్టాలు దుమ్ముతో మూసుకుపోతే నీళ్లు లోపలి లైనింగ్‌లోకి దిగుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, నడుస్తున్న బండిలో పిల్లలు అందులోంచి తల బయటపెట్టి నిలబడటం నేను చూడలేను. సడన్ బ్రేకు వేస్తే వాళ్లను ఏదీ ఆపదు. సన్‌రూఫ్ కోసం వేరియంట్ పెంచే డబ్బుతో టార్క్ కన్వర్టర్ వస్తుందేమో చూడండి.

గ్రౌండ్ క్లియరెన్స్ 190 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే మన స్పీడ్ బ్రేకర్లకు చాలు. దాని మీద అంత చర్చ అక్కర్లేదు.

మీకు నా వరస ఇది. ఎక్స్‌షోరూమ్ పది లక్షల లోపు వస్తే 3ఎక్స్ఓ 1.2 టర్బో పెట్రోల్ టార్క్ కన్వర్టర్ మొదటిది. అమ్మగారు ఎక్కి దిగడంలో ఇబ్బంది పడినా, డిక్కీ చాలకపోయినా నెక్సాన్ టర్బో పెట్రోల్ ఏఎంటీ, అయితే ఆ ఏఎంటీని మీ ఆవిడ ట్రాఫిక్‌లో నడిపి సరే అనాలి. మాన్యువల్‌కు ఇద్దరూ ఒప్పుకుంటే కళ్లు మూసుకుని బ్రెజా. వెనక ఎప్పుడూ ఇద్దరే అయ్యుంటే కైలాక్ మొదట రాసేవాణ్ణి. పంచ్ మంచి బండే, మీ ఇంటికి చిన్నది.

బుక్ చేసే ముందు మియాపూర్ దగ్గర, ఖమ్మంలో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఒకసారి పొద్దున్నే వెళ్లండి. అక్కడ బండి వదలడానికి వచ్చిన ఓనర్లతో మాట్లాడితే పార్టులు ఎన్నాళ్లకు వస్తున్నాయో, బిల్లు ఎలా వేస్తున్నారో తెలుస్తుంది. షోరూమ్‌లో దొరకని సమాచారం అది.

కొటేషన్‌లో ఎక్స్‌షోరూమ్, లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ కాకుండా "హ్యాండ్లింగ్", "లాజిస్టిక్స్" అని రాసి ఉంటే తీసేయమనండి. యాక్సెసరీల ప్యాకేజీ తప్పనిసరి కాదు. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలనే రూలూ లేదు. బయట అదే కవర్‌కు రేటు తీసుకుని వెళ్లి చూపించండి, చాలాసార్లు వాళ్లే తగ్గిస్తారు. జీరో డిప్రిసియేషన్ (పార్టుల అరుగుదల కింద క్లెయిమ్ డబ్బు కోయని కవర్), ఇంజన్ ప్రొటెక్షన్ రెండూ ఉంచండి. వర్షాకాలంలో హైదరాబాద్ రోడ్ల మీద నిలిచే నీళ్లు చూస్తున్నారుగా. మీ పాత కారు అమ్మేస్తున్నారు కాబట్టి దాని నో క్లెయిమ్ బోనస్ లెటర్ తీసుకోండి. ఆ బోనస్ బండిది కాదు, మీది. కొత్త పాలసీలో ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద 50 శాతం దాకా తగ్గింపు వస్తుంది.

డబ్బు మొత్తం కట్టడానికి, రిజిస్ట్రేషన్‌కు పంపడానికి ముందే మీకు ఇవ్వబోయే బండిని పగటి వెలుతురులో చూడండి. తయారైన నెల, సంవత్సరం రాతపూర్వకంగా అడగండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఐదు టైర్లూ దగ్గర దగ్గర తేదీలవే ఉండాలి. డోరు అంచుల దగ్గర, బంపర్ల మూలల్లో రంగు తేడా ఉందేమో వేలితో తడిమి చూడండి. ఏదైనా తేడా కనిపిస్తే అక్కడికక్కడే ఇంకో బండి అడగండి. మీ పేరు మీద రిజిస్టర్ అయ్యాక ఆ అవకాశం దాదాపు ఉండదు.